వల అల్లే సూది

గ్రిమ్స్‌బీ లైబ్రరీ మేడ మీద, మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
హీటరు ఒక మూలే పనిచేస్తుంది కనుక
అందరం ఆ మూలకే జరిగి కూర్చుంటాం.
బోర్డు మీద రాశాను:
కడుపులో సీతాకోకచిలుకలు.

"ఎన్ని?" అంది యుర్గా.
లిథువేనియాలో బ్యాంకు పద్దులు రాసిన మనిషి.
అరవై ఏళ్లుగా వాడుతున్నానీ మాట,
ఒక్కసారీ లెక్కపెట్టుకోలేదు.
"కుదురుగా కూర్చోనివ్వనన్ని" అన్నాను.
రాసుకుంది.

ఒస్తాప్‌ది చేపల ఫ్యాక్టరీ, గడ్డకట్టించే గదిలో పని.
డ్రైవింగ్ పరీక్షకి ముందురోజు
కిందటి వారం పాఠాన్ని ధైర్యంగా
సూపర్‌వైజర్ మీద ప్రయోగించాడట:
"నా పాదాలు చల్లబడిపోయాయి."
ఆయన మంచివాడు, పాపం.
రెండు జతల ఉన్ని మేజోళ్లు తెచ్చిచ్చాడు.

విరగబడి నవ్వాం.
ఒస్తాప్ నవ్వలేదు, కాళ్లు చాపి చూపించాడు.
వేసుకునే వచ్చాడు.
"వెచ్చగానే ఉన్నాయి" అన్నాడు,
"పరీక్షకి మాత్రం వెళ్లలేదు."
అంటే మాట సరిగ్గానే వాడినట్టు.
మార్కు వెయ్యాలో వద్దో తెలియలేదు.

మాకు భయమేస్తే గుండె నోట్లోకి వస్తుంది.
వాళ్ల ఉక్రెయిన్‌లో ప్రాణం మడమల్లోకి పారిపోతుందట.
ఒంట్లో ఉన్నది ఒకటే మెట్లదారి,
ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు.

మాహ్‌రుఖ్ అప్పటిదాకా నోరు విప్పలేదు.
కోటూ విప్పలేదు.
"మా ఇంట్లో" అంది,
"లోపల కుతకుతలాడుతుంది.
వెల్లుల్లీ వెనిగరూ ఉడికినట్టు."

ఎవరో ముక్కు ఎగబీల్చారు.
సీతాకోకలకి వాసన ఉండదు మరి.

గురువారం ఆమెకి ఇంటర్వ్యూ, లీడ్స్‌లో.
ఈ దేశంలో ఉండనిస్తారో, పంపేస్తారో.
"ఆ ఆఫీసరుకి ఏది చెప్పను?
పాదాలా? సీతాకోకలా?
ఏది చెబితే నమ్ముతాడు?"

నా జాబితాలో తర్వాతి మాట
సూదుల మీద కూర్చోవడం.
చేతిలో పెన్ను ఉంది, చెయ్యి లేవలేదు.

మా అమ్మ వంటింటి తలుపు కొక్కేనికి తాడు తగిలించి
ట్రాలర్ల కోసం వలలు అల్లేది.
నాన్న ఐస్‌లాండ్ వైపు నీళ్లలో ఉండేవాడు.
రేడియోలో గాలి వేగం చెబుతుంటే
సూది వేగం పెరిగేది.
"భయమేస్తోందా అమ్మా?"
"ఆ దారపుండ ఇటందుకో."
అంతే. ఎప్పుడడిగినా అంతే.
ఓ జనవరిలో దారం ఉండగానే
వల సగంలో ఆగింది.

మాహ్‌రుఖ్ ఇంకా నావైపే చూస్తోంది.

"ఇవేవీ వద్దు" అన్నాను.
"నాకు భయంగా ఉంది. ఆ మూడు ముక్కలు చాలు."

"అది మొదటి పాఠంలోదే కదా!"

"అవును."

"మరి మిగతావన్నీ ఎందుకు నేర్పావు, గ్లెనిస్?"

ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న.
"ఆ మూడూ అనలేనివాళ్లు ఉంటారు" అన్నాను.
"వాళ్లు ఏమంటున్నారో నీకు తెలియాలి కదా."

ఆమె తలూపలేదు.
నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది,
కుడి నుంచి ఎడమకి. నేను చదవలేని వైపు.

గురువారం.
పదకొండింటికి లోపలికి పిలుస్తారంది.
పన్నెండున్నర అయింది.
ఫోను బల్ల మీద పెట్టాను, బోర్లించాను,
మళ్లీ తిప్పాను.
టీ పెట్టుకుని తాగడం మరిచాను.
కాలుకాలిన పిల్లిలా
వంటింట్లోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి వంటింట్లోకి.
సొరుగులోంచి అమ్మ సూది తీశాను.
అరిగి నున్నబడిన చెక్క. ఎక్కించడానికి దారం లేదు.
వేళ్లు మాత్రం అల్లుతున్నాయి.

కిటికీ తెరిస్తే
వీధి చివర చేపల వేపుళ్ల కొట్టు తీసినట్టున్నారు,
గాలి నిండా వెనిగర్ ఘాటు.

వెల్లుల్లి ఒక్కటే తక్కువ.